సగానికి మించి

జూన్ 3

బాబాయికి,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను. ముందు నా కోపం విను. ఫోన్ చేద్దామంటే నువ్వు ఫోన్లో చెప్పిన మాటకి రుజువుండదంటావు, అందుకని కూర్చుని రాస్తున్నాను.

మా ఆఫీసుకి కొత్త మేనేజరొచ్చి మూడు వారాలయింది. ఇవాళ మధ్యాహ్నం మా తొమ్మిది మందినీ పొడుగు బల్ల చుట్టూ కూర్చోబెట్టి, నా పేజీ ఒకటి గోడకి అంటించాడు. మేం తయారుచేసే గ్యాసు వాటర్ హీటరు పెట్టెలో ఒక చిన్న పుస్తకం పెడతామే, ఎలా వాడాలో చెప్పే పుస్తకం, అందులో తొమ్మిదో పేజీ అది. "ఈ వాక్యం రాసిన మహానుభావులెవరు?" అన్నాడు. నేనే అన్నాను. ఇంగ్లీషులో "టు" అన్న మాటకీ దాని వెంట రావలసిన క్రియకీ మధ్య ఇంకో మాట దూర్చడం చదువుకున్నవాళ్ళు చేసే పని కాదట. అందరి ముందూ నాకు ఎర్ర పెన్ను ఇచ్చి, నా తప్పు చుట్టూ నా చేతే సున్నా చుట్టించాడు! ఎనిమిదో తరగతి పిల్లనా నేను?

ఆ వాక్యం ఇది: "బి షూర్ టు మోర్ దాన్ హాఫ్ ఓపెన్ ది విండో." స్నానాలగది కిటికీ సగానికి మించి తెరిచి ఉంచమని. "టు"కీ "ఓపెన్"కీ మధ్య "మోర్ దాన్ హాఫ్" వచ్చి కూర్చుంది, నిజమే. కానీ అది అక్కడెందుకుందో ఆ మనిషి అడగలేదు. కిందటి నెల మా టెస్టింగు ఇంజనీరు చిన్న గదిలో హీటరు వెలిగించి, కిటికీ సరిగ్గా సగం తెరిచి, చేతిలో గడియారం పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకి కుర్చీలోంచి కిందకి ఒరిగిపోయాడు. మండేటప్పుడు వచ్చే విషపు గాలి బయటికి పోవడానికి సగం చాలదు. నేనూ, టైపు చేసే ఆవిడా కాలరు పట్టుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చాం. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ మర్నాడే నేను ఆ వాక్యం రాశాను.

ఇలాంటి తప్పు ఫైల్లో మూడుసార్లు పడితే ఉద్యోగం ఉండదని మేనేజరు చెప్పాడు. ఒకటి పడిపోయింది. బాబాయ్, ఈ సూత్రం నువ్వే కదా నాకు స్కేలు దెబ్బలతో నేర్పింది? నేనే వదిలించుకున్నాను. నా పుస్తకం చదివేది ప్రొఫెసర్లు కాదు. నాలుగు ముక్కల ఇంగ్లీషు వచ్చినవాళ్ళు, తడి చేత్తో పేజీ తిప్పేవాళ్ళు. నువ్వైనా చెప్పు, ఆ మనిషిది పొగరు కాదూ?

నేను క్షేమం. మీ మెట్ల పక్క కడ్డీ బాగు చేయించారా? నీ మోకాలెలా ఉంది?

మండిపోతున్న
కామా


జూన్ 9

కామాకి, దీవెనలు.

మోకాలు పరవాలేదు. కడ్డీ ఇంకా ఊగుతూనే ఉంది. ఇంటాయన రేపంటాడు, ఆయన రేపుకి క్యాలెండర్లో తేదీ లేదు. కింద సైకిల్ రిపేరు షాపు వాడు పొద్దున్నే ట్యూబులు పేల్చి నన్ను నిద్ర లేపుతున్నాడు.

ఇక నీ గోల. నేను నీ వైపు మాట్లాడతానని ఎలా అనుకున్నావే? నేను మీ మేనేజరు వైపు! ఆయనెవరో నాకు తెలియదు గానీ, ఈ రోజుల్లో అలాంటి మనిషొకడు మిగిలున్నాడని తెలిసి కడుపు నిండింది. "టు", దాని క్రియ కొత్తగా పెళ్ళయిన జంట లాంటివి. వాళ్ళ మధ్య పక్కింటావిడ వచ్చి కూర్చుంటే చూడ్డానికెలా ఉంటుంది? పానకంలో పుడకలా ఉండదూ? పేపరు తెరిస్తే చాలు, పుడకలే. నిన్న సంపాదకీయంలో మూడు! ఆ పేపర్లోనే నేను నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. ఇప్పుడు దాన్ని చూస్తే నా ఇంట్లో ఎవరో చెప్పులతో తిరుగుతున్నట్టుంటుంది.

నేను చేరిన మొదటి వారంలో అలాంటిదొకటి నా కన్నుగప్పి అచ్చులోకి పోయింది. మా ఫోర్‌మన్ నన్ను మిషన్ల మధ్య నిలబెట్టి, ఆ వాక్యం వందసార్లు పైకి చదివించాడు. మిషను మనుషులకి ఇంగ్లీషు ముక్క రాదు, అయినా పడీపడీ నవ్వారు. తరవాత పక్కకి పిలిచి పని నేర్పాడు. "పైనుంచి చదవకురా, కథలో పడిపోతావు. అట్టముక్కతో పేజీ మూసి, ఆఖరి పంక్తి నుంచి ఒక్కొక్కటీ పైకి జరుగు. ఏం చెప్పాడన్నది నీకనవసరం, ఎలా చెప్పాడన్నదే చూడు" అన్నాడు. ఆ రోజు నుంచి ఒక్కటంటే ఒక్క తప్పు నన్ను దాటి పోలేదు. ఇప్పుడు ఉత్తరాలు కూడా కింది నుంచి పైకే చదువుతున్నానని మీ పిన్ని దెప్పుతుంది. చదివితే ఏం పోయింది?

నీ ఉద్యోగం సంగతి నాకొదిలెయ్. ఆఫీసులో ఇచ్చే ముందు నీ పేజీలు నాకు పోస్టులో పంపు. నేను కడిగి పంపిస్తాను. ఆ తరవాత నీ వైపు వేలెత్తి చూపేవాడుంటే నేను ఈ ఎర్ర పెన్ను ముట్టుకోను.

బాబాయి

తా.క. ఎవరో కుర్చీలోంచి పడిపోయారట, ఆయనకెలా ఉందో అడగమని మీ పిన్ని గోల పెడుతోంది. ఎవరు పడిపోయారు?


జూన్ 14

బాబాయికి,

పిన్నికి చెప్పు: పడిపోయింది మా టెస్టింగు ఇంజనీరు. డ్యూటీకి వస్తున్నాడు. రెండంతస్తులెక్కితే ఆయాసపడుతున్నాడు. అడిగినందుకు పిన్నికి దణ్ణాలు. నువ్వడగనందుకు నీకు ఏం పెట్టాలో తెలియట్లేదు.

సొంత బాబాయి మేనేజరు పక్షం చేరిపోయాడని టైపు చేసే ఆవిడకి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అయినా అవసరం నాది కాబట్టి తల వంచుకుని ఇరవై నాలుగు పేజీలూ పంపుతున్నాను. ఆఫీసు కాగితాలు గడప దాటకూడదని మాకు రూలుంది. కాబట్టి ఈ సంగతి నీకూ నాకూ పోస్టుమానుకీ తప్ప తెలియకూడదు. మీ ప్రెస్సు స్నేహితుల దగ్గర గొప్పలు పోకు.

నువ్వు దిద్దిన పేజీలు నేను మళ్ళీ చూడను. వచ్చినవి వచ్చినట్టే టైపు చేసే ఆవిడ బల్ల మీద పెట్టేస్తాను. చిన్నప్పుడు కూడా నువ్వు దిద్దిన నోటుబుక్కుని తిరిగి తెరిచిన పాపాన పోలేదు కదా. చూస్తే కోపమొస్తుంది, చూడకపోతే మార్కులొస్తాయి.

తలవంచిన (ఈ ఒక్కసారికే)
కామా


జూన్ 22

కామాకి,

పేజీలు పంపుతున్నాను. నాలుగు రోజులు కూర్చున్నాను. కరెంటు పోతే కిటికీ పక్కకి జరిగి దిద్దాను, అన్నానికి రమ్మని మీ పిన్ని మూడుసార్లు పిలిచి, విసుగొచ్చి తను తినేసింది. మొత్తం పదిహేడు చోట్ల దొరికాయి. పదిహేడు! నేను నేర్పిన పిల్లవేనా నువ్వు? జరపగలిగినవి జరిపాను. ఎటు జరిపినా కూర్చోననే మొండివాటిని కొట్టేశాను. ప్రూఫు దిద్దేవాడు సొంత మాట చేర్చకూడదు, జరపొచ్చు, కొట్టెయ్యొచ్చు. అదీ మా ఫోర్‌మన్ మాటే.

ఇప్పుడా పేజీల్లో దుర్భిణి వేసి వెతికినా ఒక్కటి దొరకదు. మీ మేనేజరుకి ఇచ్చి మొహం చూడు. ఎలా పెట్టాడో తప్పకుండా రాయి.

బాబాయి


జూలై 30

బాబాయికి,

మేనేజరు మొహం ఎలా పెట్టాడో మొన్నే రాద్దామనుకున్నాను. "ఇదీ ఇంగ్లీషంటే" అని అందరి ముందూ నా పేజీలు పైకెత్తి చూపించాడు. నా ఫైల్లో పడిన మొదటి మచ్చ కూడా కొట్టేశాడు. నీకు పూలదండ పంపుదామనుకున్నాను. ఇప్పుడా సంబరం బూడిదలో పోసిన పన్నీరైపోయింది.

పుస్తకాలు అచ్చయి వచ్చాయి. పదకొండు వందల పెట్టెల్లో పెట్టి సీలు వేశారు. సగం లారీలెక్కుతున్నాయి. ఇవాళ ఒకటి చేతిలోకి తీసుకుని తొమ్మిదో పేజీ తెరిచాను. బాబాయ్, అక్కడేముందో తెలుసా? "బి షూర్ టు హాఫ్-ఓపెన్ ది విండో." కిటికీ సగం తెరవమని! "మోర్ దాన్" అన్న నా రెండు మాటలూ లేవు. మిగిలినదాన్ని చిన్న అడ్డగీతతో అతికించారు. ఏ సగం తెరిచి కూర్చుంటే మనిషి కింద పడ్డాడో, ఆ సగమే తెరవమని నా పుస్తకం జనానికి చెప్తోంది.

ఇదెవరి పనో వేరే చెప్పాలా? ఆ రెండు మాటల మీదే కదా ఆ మేనేజరు మొదటి రోజు నుంచీ పగబట్టింది! నన్ను పొగిడి నిద్రపుచ్చి, వెనకనుంచి కోసేశాడు. వాడి ఇంగ్లీషు శుభ్రత కోసం జనం చావాలా? యజమాని ఊళ్ళో లేడు, ఏడో తారీకుకొస్తాడు. ఆ రోజే నేను తలుపు తోసుకుని లోపలికెళ్తాను. నా ఉద్యోగమైనా పోవాలి, వాడిదైనా పోవాలి. పెట్టెలు ఆపమని గోడౌనుకి ఫోన్ చేస్తే, మేనేజరు సంతకం కావాలన్నారు! వాడి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను, మాట వినకుండానే "అచ్చయినదాన్ని కదిపేది లేదు" అని చెయ్యూపి పంపేశాడు.

నువ్వొక ఉత్తరం రాయి. నలభై ఏళ్ళ అనుభవంతో, ఇలా రాసినవాళ్ళ మాట తీసెయ్యడం ఎంత నేరమో రాయి. యజమాని ముందు పెడతాను.

కామా


ఆగస్టు 3

కామాకి,

నీ ఉత్తరం చదివి నా రక్తం మరిగిపోయింది. మీ పిన్ని మజ్జిగ తెచ్చిస్తే తాగలేకపోయాను.

ఛీ! వాణ్ణి నేను మెచ్చుకున్నానా! సూత్రం తెలిసిన మనిషనుకున్నాను. సూత్రం అడ్డం పెట్టుకుని గొంతు కోసేవాడని తెలియలేదు. ఇది చూపించు, యజమానికి చదివి వినిపించు: నేను నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దాను. మంత్రుల ఉపన్యాసాలు దిద్దాను, మార్కెట్టు ధరలు దిద్దాను. ఒక్కసారి కూడా రాసినవాడి అర్థం మీద చెయ్యి వెయ్యలేదు. రాసినవాడు చెప్పదలచుకున్నదాన్ని తీసేసే మనిషికి పెన్ను పట్టే అర్హత లేదు. వాణ్ణి ఆ కుర్చీలో ఒక్క రోజు కూడా ఉంచకూడదు. ఇది నా మాట, కింద నా సంతకం.

వెళ్ళు. భయపడకు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అంటారు. పదిమంది ముందు నిలబెట్టి అడుగు. నీ చేత సున్నా చుట్టించాడే, వాడి చేత కూడా చుట్టించు!

నీ వెనక నిలబడ్డ
బాబాయి


ఆగస్టు 9

బాబాయికి,

వెళ్ళాను. నువ్వు చెప్పినట్టే పదిమంది ముందే అడిగాను. యజమాని, మేనేజరు, మార్కెటింగు వాళ్ళు, టెస్టింగు ఇంజనీరు, అందరూ ఉన్నారు. నీ ఉత్తరం పైకి చదివాను. "పెన్ను పట్టే అర్హత లేదు" అన్నచోట గొంతు పెంచాను కూడా.

మేనేజరు అరవలేదు. మొహం పాలిపోయింది. "నేనిది ముట్టుకోలేదమ్మా. మీరిచ్చిన పేజీ ఫైల్లో ఉంటుంది, తెప్పించండి" అన్నాడు. టైపు చేసే ఆవిడ తెచ్చింది. తొమ్మిదో పేజీ. నా రెండు మాటల మీద ఎర్ర సిరా గీత, గీత చివర మెలితిప్పిన చిన్న కొక్కెం. బాబాయ్, మాట కొట్టేసిన చోటల్లా నువ్వు పెట్టే ఆ కొక్కేన్ని నేను నా ఆరో ఏట నుంచీ చూస్తున్నాను.

అందరూ నా వైపు చూశారు. ఎర్ర సిరా ఎవరిదని యజమాని అడిగాడు. నాదే అన్నాను. నేనే కొట్టేసి మర్చిపోయానన్నాను. ఇంకేం చెప్పను? కాగితాలు బయటికి పంపానని చెప్పనా? నా చేతిలో ఉన్న ఉత్తరం ఎవరు రాశారో వాళ్ళే ఆ గీత గీశారని చెప్పనా? ఒక అమాయకుణ్ణి పట్టుకుని హంతకుడన్నంత పని చేశాను. అతను నీళ్ళు కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. నాకు నోటీసిచ్చారు. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, అందాకా ఆఫీసు గడప తొక్కకూడదు.

అన్నిటికంటే ఒళ్ళు మండే సంగతేమిటంటే, కిటికీ గురించి నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. మనిషి ఎలా పడిపోయాడో రాశాను. ఏ వాక్యమో, ఎందుకు రాశానో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు రాశాను. నువ్వు మోకాలి గురించి జవాబిచ్చావు!

గోడౌనులో మిగిలినవాటిని ఆపారు. బయటికెళ్ళినవి నాలుగు వందల పది.

కామా


ఆగస్టు 14

కామాకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ కోపమే వచ్చింది, ఎవరి మీదన్నది మాత్రం మారుతూ వచ్చింది.

సరే, కొట్టేసింది నేనే. ఆ రెండు మాటల్నీ ముందుకి జరిపాను, వెనక్కి జరిపాను, ఎక్కడా నిలబడలేదు. అలంకారానికి పెట్టావనుకున్నాను. తీసేస్తే వాక్యం అద్దంలా ఉంది. ఏ ఇంగ్లీషు పండితుడికైనా చూపించు, తప్పంటే చెవి కోయించుకుంటాను! అయినా దిద్దిన పేజీని రాసినవాళ్ళు ఒకసారి చూసుకోవాలా వద్దా? మా పేపర్లో ఆఖరి చూపు రాసినవాడిదే. నువ్వు చూడకుండా బల్ల మీద పడేసి, ఇప్పుడు తప్పంతా ముసలాడి నెత్తిన రుద్దుతున్నావు. నిన్ను గట్టెక్కించిందీ నేనే, తిట్లు పడిందీ నేనే.

ఇంకొకటి. "నాదే" అని ఎందుకన్నావు? నిన్నెవరు అనమన్నారు? నా తప్పు మొయ్యడానికి నువ్వు కూలిమనిషివా? నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి పరువు కాపాడాననుకున్నావు కాబోలు. పేరు చెప్పుకోవడానికి నువ్వు సిగ్గుపడే ముసలాణ్ణి చేశావు నన్ను. దానికంటే వాళ్ళ ముందు నా పేరు చెప్పి నాలుగు తిట్లు తిట్టుంటే బాగుండేది.

అసలు సగానికీ, సగానికి మించినదానికీ అంత తేడా ఉంటుందా? ఎవరు కొలుస్తారు? కిటికీ తెరవమంటే జనం చేతికొచ్చినంత తెరుస్తారు. నువ్వు గోరంతలు కొండంతలు చేస్తున్నావని నా అనుమానం.

బాబాయి

తా.క. మీ పిన్ని నాతో మాట్లాడటం మానేసి మూడు రోజులయింది. నీ ఉత్తరాలన్నీ తీసి మొదటి నుంచి వరసగా చదువుకుంటోంది.


ఆగస్టు 19

బాబాయికి,

ఎవరు కొలుస్తారని అడిగావు. చెప్తాను.

ఇది నేను మా ఊరి నుంచి రాయట్లేదు. బస్సులో ఆరు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మా హీటరు బిగించే మెకానిక్కు ఫోన్ చేసి చెప్తే వచ్చాను. ఆఫీసు పంపలేదు, నేనే వచ్చాను.

ఇక్కడ కుట్టుమిషను పెట్టుకుని బతికే ఆవిడొకరున్నారు. తొమ్మిదేళ్ళ కూతురు. కొత్త హీటరు పెట్టించుకున్నారు. ఆవిడకి ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా, తెలియని మాటలు పక్కింటి వాళ్ళనడిగి మరీ చదివింది. తొమ్మిదో పేజీ దగ్గర ఆగి, బట్టలు కొలిచే టేపుతో కిటికీ కొలిచింది. సగం ఎంతో లెక్కగట్టి సుద్దతో గీత గీసింది. ఆ గీత నేను చూశాను. అంగుళం అటూ ఇటూ లేదు. ఎక్కువ తెరిస్తే హీటరు మంటకి గాలి తగులుతుందేమో, పుస్తకంలో సగమని ఊరికే రాయరు కదా, అనుకుందట.

గురువారం పొద్దున పిల్ల స్నానానికెళ్ళి రాలేదు. తలుపు విరగ్గొట్టి ఎత్తుకొస్తూ ఆవిడ కూడా గుమ్మంలో పడిపోయింది. ఇద్దరూ బతికారు. పిల్ల నిన్న సాయంత్రం లేచి కూర్చుంది గానీ, గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఒణుకుతోంది. తగ్గొచ్చంటున్నారు. తగ్గుతుంది అనట్లేదు.

నేను పుస్తకం రాసినదాన్నని చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు బాబాయ్. తిట్టినా బాగుండేది. "నేనేం తప్పు చేశానమ్మా? మీరు రాసినట్టే చేశాను కదా" అంది. మళ్ళీ మళ్ళీ అదే అడుగుతోంది. తను ఎక్కడో సరిగ్గా చదవలేదేమోనని, ఆసుపత్రికి కూడా ఆ పుస్తకం తెచ్చుకుని దిండు కింద పెట్టుకుంది. నేను ఇంకా జవాబు చెప్పలేదు.

నాకిప్పుడు నీ మీద ఎంత కోపంగా ఉందో రాయడానికి మాటల్లేవు. నా మీద కూడా అంతే ఉంది.

కామా


ఆగస్టు 28

కామాకి,

ఇది నీ గదిలో, నీ బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. తాళం మీ ఇంటావిడిచ్చింది. నువ్వింకా ఆ ఊళ్ళోనే ఉన్నావంది, అందుకని దీన్ని ఆసుపత్రికే పంపుతున్నాను. నీ ఉత్తరం అందిన సాయంత్రం మీ పిన్ని పది రోజుల తరవాత మొదటిసారి నోరు తెరిచి, "బస్సు ఏడింటికి" అంది. అంతే అంది. బట్టలు అప్పటికే సర్దేసింది.

ముందు నీ సంగతి. మీ యజమాని ముందు నిలబడి ఎర్ర సిరా నాదని చెప్పాను. నా ఉత్తరాలు, నీ ఉత్తరాలు, తేదీలతో సహా బల్ల మీద పెట్టాను. ఒక కాగితం మీద ఆ రెండు మాటలూ రాసి, పక్కన అదే కొక్కెం గీసి చూపించాను. నీ నోటీసు వెనక్కి తీసుకున్నారు. కాగితాలు బయటికి పంపినందుకు మందలింపు మాత్రం నీ ఫైల్లో ఉంటుందట. దానికి నేనెంత దెబ్బలాడినా వాళ్ళు ఒప్పుకోలేదు. సోమవారం నుంచి నువ్వు రావచ్చు. మేనేజరుకి నువ్వు క్షమాపణ చెప్పాలి. నేను చెప్పేశాను. "నేను కూడా ఆ పేజీ చూశానండీ. 'టు'లు లెక్కపెట్టుకుంటూ పోయాను, కిటికీ సంగతి నా కళ్ళలో పడనే లేదు" అన్నాడు. తిలా పాపం తలా పిడికెడు. ముగ్గురం ఆ పేజీ పట్టుకున్నాం, ఒక్కళ్ళమూ చదవలేదు. రాసినదానివి నువ్వొక్కదానివే, నిన్ను కూడా మా లెక్కలో కలుపుతున్నందుకు కోప్పడు, పడతాను.

గోడౌనులో ఆరువందల తొంభై పెట్టెలున్నాయి. కొత్త పుస్తకాలు అచ్చు వెయ్యడానికి మూడు వారాలన్నారు. నాకు అంత ఓపిక లేదు. పెట్టెలన్నీ విప్పించి, తొమ్మిదో పేజీలో ఆ రెండు మాటలూ చేత్తో రాశాను. నువ్వెక్కడ పెట్టావో అక్కడే, ఆ రెండింటి మధ్యలోనే. మొదటి పది పుస్తకాలకీ చెయ్యి మొరాయించింది, అబద్ధమెందుకు. తరవాత అలవాటయింది. మేనేజరు పక్కన కూర్చుని పేజీ తెరిచి పెట్టాడు. నాలుగు రోజులు పట్టింది.

ఇప్పుడు బయటికెళ్ళిన నాలుగు వందల పది మిగిలాయి. ఈ ఊళ్ళో ఉన్న ఇళ్ళకి ఇక్కడి మెకానిక్కు స్కూటరు వెనక కూర్చుని వెళ్తున్నాను. నిన్నటికి ముప్పై ఆరు ఇళ్ళయ్యాయి. నలభై ఏళ్ళు దిద్దాను గానీ, నేను దిద్దినదాన్ని చదివే మనిషి ఇంటికి ఎప్పుడూ వెళ్ళలేదే! కొందరు పుస్తకం పారేశారు. కొందరు నన్ను హీటర్లమ్మేవాడనుకుని తలుపేశారు. ఒకావిడ మాత్రం నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, "మొన్న సగమన్నారు, ఇవాళ ఇంకా ఎక్కువంటున్నారు, ఎవరండీ ఇది మార్చింది? ఇంట్లో పసిపిల్లలున్నారని తెలియదా?" అని కేకలేసింది. నేనేనన్నాను. ఆవిడ నన్ను స్నానాలగదిలోకి తీసుకెళ్ళి, "ఎంతో మీరే తెరిచి చూపించండి" అంది. కిటికీకి రంగు వేసి ఉంది, సగం దగ్గర బిగుసుకుపోయింది. నేనూ మెకానిక్కూ భుజం ఆనించి తోశాం. కాస్త కదిలింది. "చాలా?" అంది. "చాలదమ్మా" అన్నాను. అది పూర్తిగా తెరుచుకునేదాకా కదల్లేదు నేను.

మిగతా ఇళ్ళకి మెకానిక్కులు వెళ్తున్నారు. నేను ఆదివారం పొద్దుటి బస్సుకి నీ దగ్గరికి, ఆ ఆసుపత్రికి వస్తున్నాను. ఆ పిల్ల చెయ్యి ఎలా ఉందో రాయలేదు నువ్వు. వచ్చి చూస్తాను.

ఆవిడ అడిగిందన్నావు కదా, నేనేం తప్పు చేశానని. నువ్వు జవాబు చెప్పకు. ఆవిణ్ణి ఆదివారం దాకా ఆగమను. అది నేను చెప్పాల్సిన జవాబు.

బాబాయి